కంపౌండరు గారి నాలుక

సుగుణమ్మ ఆ రోజు పప్పుచారులో ఉప్పు వేయడం మరిచిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అలాంటి పొరపాటు ఆమె చేతి మీదుగా జరిగింది లేదు. పక్కింటి నూకరత్నం గుమ్మంలో నిలబడి మనవడి ముచ్చట్లు మొదలుపెట్టింది. ఆ మాటల్లో పడి ఉప్పు డబ్బా మూతే తియ్యలేదు.

ఆమె భర్త యేసుపాదం ఒంటిగంటకి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. రెండు గరిటెలు పోయించుకుని, ఇంకొంచెం పోయమని కంచం ముందుకు జరిపాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది సుగుణమ్మ, రోజూ అడిగినట్టే.

"సరిగ్గా సరిపోయింది. అమృతంలా ఉంది."

ఆయన చెయ్యి కడుక్కుని లేచాక ఆమె తన కంచంలో వడ్డించుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయింది. అబద్ధం చెప్పి పెళ్ళాన్ని మంచి చేసుకునే రకం కాదు ఆయన. ఉప్పు విషయంలో మరీను. పెళ్ళయిన కొత్తలో "సోడియం కొంచెం తక్కువైందండోయ్" అని ఏడిపించి ఆమె చేత మొట్టికాయలు తిన్న మనిషి. ఆమె మర్నాడు గుత్తివంకాయ కూరలో కావాలని మూడింతలు ఉప్పు గుమ్మరించింది. ఆయన నింపాదిగా తిని, "నిన్నటి చారు కన్నా బాగుంది" అన్నాడు. మంచినీళ్ళు కూడా అడగలేదు.

సుగుణమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "ఏవండీ, మీ నాలుకేమైంది?"

"ఏమవుతుంది? నోట్లోనే ఉంది" అని చిన్నపిల్లాడిలా చాపి చూపించాడు. చూపించాడు గానీ, ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

యేసుపాదం నాలుక కాకినాడలో సగం మందికి తెలుసు. ముప్పై ఏడేళ్ళు ఒకే డాక్టరు దగ్గర కంపౌండరుగా పనిచేశాడు. మందుల షాపుల్లో మాత్రల అట్టని కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఇంటికెళ్ళాక ఏది జ్వరానిదో ఏది కీళ్ళనొప్పులదో తెలియక, జనం ఆ మాత్రలన్నీ కాగితం పొట్లంలో పోసుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన మాత్ర అంచుని నాలుక చివర తాకించి, ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మందు పేరు చెప్పేవాడు. "నన్ను చూసి మీరెవరూ ఇలా నాకొద్దు. ఇది పిచ్చి పని" అని మందలించి మరీ చెప్పేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

డాక్టరు గారు పోయాక ఆ క్లినిక్ మూతపడింది. ఏడాది తిరక్కుండా డాక్టర్ రెహానా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వేలు పట్టుకుని ఆ క్లినిక్‌కి వచ్చిన పిల్లే. ఇప్పుడు జగన్నాథపురం వంతెన దగ్గర సొంత ప్రయోగశాల పెట్టింది. మందుని రుచి చూసి పేరు చెప్పే యంత్రం తయారుచేస్తున్నానని, దానికి నేర్పే గురువు కావాలని అడిగింది. ఆయన ఆ మర్నాటి నుంచే వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఉప్పు సంగతి తేలిన మూడో రోజున సుగుణమ్మ చీర మార్చుకుని ఆటో ఎక్కి తనే ఆ ప్రయోగశాలకి వెళ్ళింది.

రెహానా కుర్చీ వేసి, టీ తెప్పించబోయింది.

"టీ తరవాతమ్మా. మా ఆయన నాలుకేదీ?"

రెహానా ఏమీ దాచలేదు. లోపలి గదికి తీసుకెళ్ళి, బల్ల మీదున్న గాజు పలకని చూపించింది. బడిపిల్లల పలక అంత ఉంది. దాని మీద లేత గులాబీరంగు పొర, తడిగా. "రుచిపలక అంటామండి దీన్ని. కంపౌండరు గారి నాలుక మీదినుంచి తీసిన నాలుగు కణాలు పెంచితే ఇంతయింది" అంటూ, పేరులేని తెల్లమాత్ర ఒకటి నూరి చిటికెడు చల్లింది.

పలక మాట్లాడింది. యేసుపాదం గొంతే. ప్రతి రోగికీ చెప్పినట్టే నెమ్మదిగా, నొక్కి నొక్కి.

"ఇది నొప్పి మాత్రమ్మా. పరగడుపున వేసుకోకు. అన్నం తిన్నాక వేసుకో. ఇంట్లో వేరే పేరుతో, వేరే రంగుతో ఇంకో నొప్పి మాత్ర ఉందా? అది కూడా ఇదే అయ్యుండొచ్చు. డాక్టర్ని అడక్కుండా రెండూ కలిపి మింగకు."

సుగుణమ్మకి ఒళ్ళు జలదరించింది. ఇంట్లో ఉన్న మొగుడు గాజులోంచి పలుకుతుంటే ఏ ఆడదానికైనా అలాగే ఉంటుంది.

"ఆయన నాలుకకి వెండి తొడుగు తొడిగి, దాన్నుంచి పలకకి తీగ కలుపుతామండి" అంది రెహానా. "ఆయన మందు రుచి చూస్తారు. తొడుగు తీశాక దాని పేరు, వాడకం, మోతాదు, జాగ్రత్త చెబుతారు. పలక నేర్చుకుంటుంది. మేం ఫొటో తీస్తున్నామనుకున్నాం పిన్నిగారూ. నారు పీకి నాటుతున్నామని తరవాత తెలిసింది. పలకకి చేదు పూర్తిగా వచ్చిన రోజున ఆయనకి కాకరకాయ చప్పగా తగిలిందట."

"తెలిసీ ఆపలేదా నువ్వు?"

"ఆపేశానండి. వారం రోజులు గదికి తాళం వేశాను. ఆయన రోజూ వచ్చి ఆ మెట్ల మీద కూర్చున్నారు. పులుపూ ఉప్పూ కూడా తీసుకోమన్నారు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు." రెహానా గొంతు తగ్గింది. "ఇక మిగిలింది తీపి ఒక్కటే. పిల్లల సిరప్పులు పోల్చాలంటే అది కూడా కావాలి. కానీ అది నేను అడగనండి. అడగలేను."

సుగుణమ్మ ఆ టీ తాగకుండానే వచ్చేసింది.

రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. అన్నీ చప్పగా వండి పెట్టింది. ఎలాగూ తెలియదు కదా అన్న ఉక్రోషం. ఆ చప్పిడి తిండి తను కూడా తినాల్సి వస్తుందని మొదటి పూట తట్టలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆవకాయ జాడీ తీసి తన కంచంలో మాత్రం వేసుకుంది. యేసుపాదం అది చూసి నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె మౌనం చెడింది.

"నాకొక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెబితే వెళ్ళనిస్తావా?"

"వెళ్ళనివ్వను."

"మరదే." ఆయన కాసేపు కంచంలో గీతలు గీశాడు. "ఉప్పాడ నుంచి చీరలు నేసే అప్పలస్వామి వచ్చేవాడు, గుర్తుందా? నడుం నొప్పికి ఒక షాపులో ఎర్రమాత్ర, ఇంకో షాపులో పచ్చమాత్ర కొన్నాడు. పేర్లే వేరు, లోపల మందొకటే. పది రోజులు రెండూ మింగాడు, ఖాళీ కడుపుతో. నా దగ్గరికి పొట్లం తెచ్చేసరికే రక్తం కక్కుకుంటున్నాడు. ఆ మాత్ర నేను చూసి చెప్పేలోగానే వాడు పోయాడు సుగుణా. ఉప్పాడకొకటి, పిఠాపురానికొకటి ఆ పలక ఉంటే వాడు బతికేవాడు. నేనొక్కణ్ణి ఎన్ని ఊళ్ళలో ఉంటాను?"

"ఊరందరి కడుపులూ కావాలి మీకు. నా చేతి వంటే అక్కర్లేకపోయింది."

"తీపి దాచుకున్నాను కదా. అది నీ కోసమే."

ఆ మాటతో ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తీపికీ వాళ్ళిద్దరికీ పాత సంబంధం ఉంది. పంతొమ్మిదేళ్ళ వయసులో సుగుణకి మలేరియా వస్తే, వాళ్ళమ్మ ఆ క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అప్పట్లో మందు సీసాలో కలిపిచ్చేవారు. ఒక్కో మోతాదుకీ ఎంత తాగాలో తెలిసేలా సీసాకి గళ్ళు కత్తిరించిన కాగితం అంటించేవారు. ఆ చేదుకి ఆమె మొదటిరోజు ఏడ్చేసింది. రెండోరోజు నుంచి మందు గుటుక్కున దిగింది. కొత్త కంపౌండరు చేదు తెలియకుండా నారింజ తొక్క షర్బత్తు అందరికీ పోసే దానికన్నా ఒక చెంచా ఎక్కువ పోశాడు. మందు పెంచలేదు, షర్బత్తే పెంచాడు. జ్వరం తగ్గిపోయాక కూడా ఆ పిల్ల ఏదో ఒక వంకతో రెండుసార్లు క్లినిక్‌కి వచ్చింది. మిగిలింది పాస్టరు గారు చూసుకున్నారు.

"ఆ తీపి మాత్రం ఎవరికీ ఇవ్వనని నాకు మాటివ్వండి."

ఆయన ఆమె నెత్తిన చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

ఆ తరవాత ఆ ఇంటి వంటగది మిఠాయి కొట్టయిపోయింది. క్రిస్మస్ ఎంతో దూరాన ఉండగానే గులాబీ పువ్వులు వేయించింది. కజ్జికాయలు, పరమాన్నం, పాకం గారెలు, రోజుకొకటి. ఆయన చొక్కా గుండీలు బిగువయ్యాయి. "ఇలాగైతే నాలుక ఒక్కటే కాదు, మిగతా ఒళ్ళు కూడా ప్రయోగశాలకి ఇవ్వాల్సి వస్తుంది" అని మొత్తుకుంటూనే తినేవాడు. సుగుణమ్మ ఎదురుగా కూర్చుని ఆయన మొహం చూసేది. ఆ మొహంలో తీపి కనిపిస్తే చాలు, ఆమెకి కడుపు నిండేది.

శ్రావణమాసం వానల్లో వీధంతా జ్వరాలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే నూకరత్నం మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వాడి పేరు లోహిత్, మూడేళ్ళు. "కంపౌండరు గారు లేరాండి? పిల్లోడి ఒళ్ళు పెనంలాగుంది."

ఆయన ప్రయోగశాలకి వెళ్ళిపోయాడు. ఆ వీధిలో వాళ్ళకి కంపౌండరు గారు లేకపోతే కంపౌండరమ్మ ఉంది. ఇన్నేళ్ళుగా అంతే. సుగుణమ్మకి కూడా ఆ పెద్దరికం ఇష్టమే. బీరువాలోంచి పిల్లల జ్వరం సిరప్పు తీసింది. సీసాతో వచ్చిన చిన్న కొలత మూత ఎప్పుడో పోయింది. పరమాన్నం తినే చెంచాతో ఒక చెంచా పట్టించి, సీసా ఇచ్చేసి, "ఇదే చెంచాతో రోజుకి నాలుగుసార్లు పట్టు" అని చెంచా కూడా ఇచ్చింది. ఇంట్లో ఇంకేదైనా మందు వేస్తున్నారా అని అడగలేదు. మొగుడు ప్రతి మనిషినీ మొదట అడిగే ప్రశ్న అదే. ఆ రోజు అది ఆమె నోటికి రాలేదు.

మూడోరోజు పొద్దున పిల్లాడు వాంతులు మొదలుపెట్టాడు. మెడ నిలపడం లేదు. నూకరత్నం పరుగెత్తుకుంటూ వచ్చేసరికి యేసుపాదం ఇంట్లోనే ఉన్నాడు.

"ఏ మందులు పట్టించావమ్మా? అన్నీ చూపించు."

నూకరత్నం రెండు సీసాలు పెట్టింది. ఒకటి సుగుణమ్మ ఇచ్చినది. రెండోదాని మీద చీటీ జిడ్డుకి ఊడిపోయి, గీతలు మాత్రమే మిగిలాయి.

"ఇది జలుబు మందండి. మా ఆడపడుచు ఇచ్చింది. నాల్రోజుల్నించి ఇది కూడా ఏస్తన్నానండి. ఇదేమో జలుబుకి, అమ్మగారిదేమో జొరానికి కదండి మరి."

యేసుపాదం మొహం పాలిపోయింది. జలుబు మందుల్లో చాలావాటిలో ఆ జ్వరం మందే కలిసి ఉంటుంది. ఇందులో ఉందా లేదా అన్నదే తెలియాలి. పాత అలవాటు కొద్దీ ఆ సీసాలోంచి ఒక చుక్క వేలి మీద వేసుకుని నాలుకకి తాకించాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"తియ్యగా ఉందంతే. దాని కింద ఏముందో నాకు తెలియడం లేదు సుగుణా."

తెలియడం లేదన్న మాట ఆయన నోట ఆమె విన్నది అదే మొదటిసారి.

"ఆ రెండు సీసాలూ, చెంచా కూడా పట్టండి. ఏమిచ్చామో డాక్టర్లు చూడాలి" అంటూ ఆయన పిల్లాణ్ణి ఎత్తుకుని ఆటో పిలిచాడు. దారిలోనే రెహానాకి ఫోన్ చేశాడు. వీళ్ళు ఆసుపత్రికి చేరేసరికి ఆమె పలకని గుడ్డలో చుట్టుకుని వచ్చి నిలబడి ఉంది. జలుబు మందు చుక్క ఒకటి దాని మీద వేసింది. పలక తడుముకుంది. నేర్చుకోని రుచి తగిలితే అది చెప్పే మాట ఒక్కటే.

"ఇదేదో నాకు తెలియని రుచమ్మా. మిగతావన్నీ కప్పేస్తోంది." కాసేపాగి మళ్ళీ అదే మాట చెప్పింది.

సుగుణమ్మకి అప్పుడు అర్థమైంది. చేదు ఆ పలకలో ఉంది. తీపి ఈయన నోట్లో ఉంది. తీపిని పక్కకి జరిపి దాని కింది చేదుని పట్టుకోవాలంటే రెండూ ఒకేచోట ఉండాలి. ఇప్పుడు ఎవరి దగ్గరా రెండూ లేవు.

ఆసుపత్రి డాక్టరమ్మ జ్వరం సిరప్పు పేరు చూసి, సుగుణమ్మ చెంచాతో కొలత గ్లాసులో నీళ్ళు పోసి చూసింది. పట్టించాల్సిన దానికి మూడింతలు పడింది. "రెండో సీసాలో కూడా అదే ఉంటే లెక్క మారిపోతుంది. రక్తం పరీక్షకి పంపాను. వచ్చేవరకు ఆగాలి" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని సుగుణమ్మకి అనిపించింది.

ఆ రిపోర్టు రావడానికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ఆమె వరండా బల్ల మీద, చెంచా గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. నా చేత్తో పట్టించానే, నా పరమాన్నం చెంచాతో, అనుకుంటూ కుమిలిపోయింది. నూకరత్నం పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. "మీరు మంచికే ఇచ్చేరండి" అంది. ఆ మాట సుగుణమ్మని ఇంకా ఏడిపించింది.

రక్తంలో ఉన్న మోతాదుని బట్టి రెండు సీసాల్లోనూ ఒకటే మందని మధ్యాహ్నం తేలింది. విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కించారు. కాలేయం తట్టుకుంటుందో లేదో రెండు రోజులు ఆగితే గానీ చెప్పలేమన్నారు. ఆ రెండు రోజులూ సుగుణమ్మ ఇంటికి వెళ్ళలేదు. మూడోరోజు పొద్దున లోహిత్ కళ్ళు తెరిచి బిస్కట్టు అడిగాడు. నర్సు ఇవ్వకూడదంటే ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. ఆ ఏడుపు విని వార్డులో నలుగురు పెద్దవాళ్ళు నవ్వారు.

ఇంటికొచ్చి స్నానం చేసి, తల తుడుచుకుంటూనే సుగుణమ్మ అంది, "రెహానాకి కబురు పెట్టండి. మీ తీపి ఇచ్చేద్దాం."

"నీకు మాటిచ్చాను కదా."

"ఆ మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన వెళ్ళి అరుగు మీద కూర్చుని వాన వైపు చూశాడు. "భయంగా ఉంది సుగుణా" అన్నాడు. "చేదు ఇచ్చినప్పుడు అనిపించలేదు. ఇది కూడా పోతే, నువ్వు వండిందీ హోటల్లోదీ నా నోటికి ఒకటే."

"నేను పక్కన కూర్చుని చెబుతాను. దేంట్లో ఏముందో, ఎలా ఉందో, అన్నీ నేను చెబుతాను. మీరు ఊరందరికీ చెప్పేరు కదా ఇన్నాళ్ళూ" అని ఆమె ఆయన పక్కనే కూర్చుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన కూడా దాచుకోలేదు.

మర్నాడు పొద్దున ఆమె నారింజ తొక్కలు సన్నగా తరిగి, పాకం పట్టి, షర్బత్తు చేసింది. ఎప్పుడో ఆయన నేర్పిన పద్ధతే. చిన్న సీసాలో పోసి ప్రయోగశాలకి పట్టుకెళ్ళింది. సిరప్పుల కన్నా ముందు పలకకి ఇదే నేర్పాలని యేసుపాదం పట్టుబట్టాడు. రెహానా కాదనలేదు. సుగుణమ్మని మాత్రం బయట కూర్చోమంది. లోపల ఆయనేం చెప్పాడో తలుపు అవతలున్న ఆమెకి వినపడలేదు.

వారం రోజులు పట్టింది. ఆఖరి రోజున ఆయన బయటికి రాగానే ఆమె సీసాలో మిగిలిన షర్బత్తు ఒక చెంచా నోట్లో పోసింది. ఆయన చప్పరించి, ఆమె మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "నీళ్ళు" అన్నాడు. అని నవ్వాడు. ఇద్దరూ ఆటో ఎక్కి ఇంటికొచ్చారు.

క్రిస్మస్ వెళ్ళాక ఆ పలకని ఆసుపత్రి వరండాలో, మందులిచ్చే కిటికీ పక్కన పెట్టారు. జనం పొట్లాలతో, చీటీలు ఊడిన సీసాలతో వరస కట్టారు. లోహిత్‌కి పట్టించగా మిగిలిన ఆ జలుబు మందు సీసాని రెహానా దాచి ఉంచింది. మొదటిరోజు అందులోంచి ఒక చుక్క వేస్తే, పలక క్షణంలో పేరు చెప్పింది. "ఇందులో జ్వరం మందు కూడా ఉందమ్మా. వేరే జ్వరం మందు వేస్తున్నావా? సీసాతో వచ్చిన మూతతోనే కొలుస్తున్నావా? ఇంట్లో చెంచాతో పొయ్యకు" అని అడిగింది. నూకరత్నం ఇప్పుడు వీధిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా దగ్గరుండి అక్కడికి తీసుకెళుతోంది.

ఒకరోజు సుగుణమ్మ భర్తకి చెప్పకుండా వెళ్ళి ఆ వరసలో నిలబడింది. ముందున్న ముసలాయన బీపీ మాత్రల సంగతి తెలుసుకుని తప్పుకున్నాక, కొంగు చాటునుంచి షర్బత్తు సీసా తీసి ఒక చుక్క వేసింది. పలక ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపు ఆలోచించింది.

"నారింజ తొక్క, పంచదార పాకం. ఇది మందు కాదు. వాడకం ఏమిటంటే, చేదు తాగలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లకి పొయ్యాలి. మోతాదు, అందరికన్నా ఒక చెంచా ఎక్కువ. జాగ్రత్త, ఇది అలవాటైపోతుంది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళయినా వదల్లేదు."

వరసలో వెనకున్న వాళ్ళు ఇదేం మందోనని మెడలు చాపి చూశారు. సుగుణమ్మ సీసాని మళ్ళీ కొంగులో దాచుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. గబగబా పప్పుచారు కాచి, ఇద్దరికీ ఒకేసారి వడ్డించింది. ఈమధ్య వాళ్ళు అలాగే తింటున్నారు. యేసుపాదం అన్నం కలిపి, ముద్ద పెట్టుకోకుండా ఆమె కోసం ఆగాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు.

ఆమె తిని చూసింది. "సరిపోయింది. పులుపే ఒకింత ఎక్కువైంది, మీకు నచ్చేలాగా. ఇంగువ బాగా పట్టింది. చివర్లో బెల్లం చిన్నముక్క వేశాను, అది నాలుక మీద నిలబడుతోంది."

ఆయన విన్నంతసేపూ కళ్ళు మూసుకుని, ఆ తరవాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అయితే ఇంకో గరిటె పొయ్యి" అన్నాడు.